మా ఆవిడ గొంతు కోసం కట్టిన పెట్టెలు

ఢిల్లీలోని మా తెలుగు చర్చి క్వయిర్‌లో మా ఆవిడ ఇరవై ఏళ్లుగా రెండో వరసలో పాడుతోంది. రెండో వరస అంటే స్తంభం వెనక. పాట వినిపిస్తుంది, మనిషి కనిపించదు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, షిఫ్టులు, ఘాజియాబాద్ నుంచి మెట్రోలు మారుతూ రావడం, ఇన్నిటి మధ్యా ఆదివారం ప్రాక్టీసు మాత్రం మానదు. ఒక్కసారైనా క్రిస్మస్ ఆరాధనలో సోలో పాడాలని ఆవిడ కోరిక. ఆ సంగతి నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. కానీ ప్రతి డిసెంబరులోనూ ఇంకెవరో సోలో పాడుతుంటే ఆవిడ పెదవులు కూడా కదులుతుంటాయి. కుర్చీలోంచి కాస్త పక్కకి వంగి చూస్తే నాకు కనిపిస్తుంది.

పోయిన సెప్టెంబరులో క్వయిర్ మాస్టారు సోలోకి మనిషిని ఎంచుతానన్నారు. మాస్టారు గోదావరి జిల్లా మనిషి, కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరయ్యారు. మనిషి వెన్న. శ్రుతి దగ్గర మాత్రం కన్నకొడుకునైనా క్షమించరు. ఎంపిక రోజున మా ఆవిడకి డ్యూటీ పడింది. "పర్లేదమ్మా, ఇంట్లోనే పాడి వీడియో పంపించెయ్" అన్నారాయన.

ఆ వీడియో తీసింది నేనే. డైనింగ్ టేబుల్ మీద ఆవకాయ జాడీకి ఫోన్ని అడ్డంగా ఆనించాను. ఆవిడ టేబుల్‌కి ఆ చివర నిలబడింది. జాడీ జారకుండా పట్టుకుని నేను ఈ చివర కూర్చున్నాను. ఒక పాత కీర్తన, రెండు చరణాలు పాడింది. నా చెవులకి అమృతంలా ఉంది. వెంటనే పంపించాను.

మూడో రోజు మాస్టారు ఫోన్ చేశారు. క్వయిర్ వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా విడిగా మా ఆవిడకి చేశారంటేనే నాకు సంగతి అర్థమైంది.

"గొంతు బంగారమమ్మా. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి శ్రుతి కిందికి జారుతోందండి. పోయినేడు కూడా ఇలాగే అనిపించింది, ఆయ్. నోయిడా నుంచి వచ్చే చెల్లెమ్మ ఉంది కదా, ఆ అమ్మాయి చేత పాడిద్దామనుకుంటున్నాను."

"అలాగేనండి అంకుల్" అని మా ఆవిడ ఫోన్ పెట్టేసి, అప్పటికే తోమిన కుక్కరు మళ్లీ తోమడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆయన ఫోను మీద. వేలెడంత స్పీకర్లో విని మనిషి గొంతుకి తీర్పు చెప్పేయడమేమిటి? తప్పంతా ఫోనుదేనని నేను ఆ పూటంతా ఉపన్యాసం దంచాను. ఉపన్యాసం అయ్యాక మా ఆవిడ చెయ్యి తుడుచుకుని అంది:

"అయితే మంచిదాంట్లో వినిపించండి ఆయనకి. ఫోను తప్పయితే తేలిపోతుంది. నా తప్పయితే ఇక ఆ స్తంభం వెనకాలే ఉంటాను. అంతేగానీ ఒకసారి శ్రుతి తప్పిందన్నాక మళ్లీ ఎదురుగా నిలబడి పరీక్ష మాత్రం ఇవ్వను."

పట్టుదలకి ఆవిడ పెట్టింది పేరు. నేను మాస్టారికి ఫోన్ చేసి గడువు అడిగాను. డిసెంబరు మొదటి ఆదివారం ప్రాక్టీసు మా ఇంట్లోనే. ఆ రోజు అదే రికార్డింగు సరైన స్పీకర్లలో వింటానని, అప్పటిదాకా సోలో సంగతి తేల్చననీ ఆయన మాటిచ్చారు. ఇక మిగిలింది సరైన స్పీకర్లు.

ఒక పెద్ద షోరూముకి వెళ్లి ఒక జత ధర అడిగాను. వాళ్లు చెప్పింది విన్నాక, వీటితోపాటు స్కూటర్ కూడా ఇస్తారా అని అడగబోయి, మర్యాదగా నీళ్లు తాగి బయటికొచ్చాను. ఇంటికొచ్చి వీడియోలు చూశాను. ఒకటి చూస్తే పది తగిలాయి. ఇంట్లోనే, తక్కువ ఖర్చులో, షోరూము వాటికి దీటైన స్పీకర్లు ఎవరైనా చేసుకోవచ్చట. ఒక వీడియోలో పన్నెండేళ్ల పిల్ల చేసి చూపించింది. నేను కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసర్ని. పన్నెండేళ్ల పిల్ల చేసింది నేను చెయ్యలేనా అనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు తర్వాత చాలాసార్లు దొరికింది.

మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది, నన్ను పిలిచేదీ నాన్నా అని కాదు, పాపా అనే.

"పాపా, మేరే ఇయర్‌ఫోన్స్ లగా కే సున్ లో నా. ఇత్నా డ్రామా క్యూఁ?"

"ఇయర్‌ఫోన్ ఒక్కరికే వినిపిస్తుందమ్మా. న్యాయం పదిమంది ముందు జరగాలి" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతు గంభీరంగా పలికిందని నాకే అనిపించింది. దాని మాట విని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయానికి రెండున్నర నెలలు పట్టింది.

ఎర్రకోట ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ బజారుకి శనివారాలు తిరిగాను. లావు శబ్దానికి వూఫర్లు రెండు, సన్న శబ్దానికి ట్వీటర్లు రెండు, ఏ శబ్దం ఎటు వెళ్లాలో పంచిపెట్టే క్రాసోవర్లు రెండు, చిన్న ఆంప్లిఫయర్ ఒకటి. దుకాణంలో పెద్దాయన నన్ను చూసి, "పహలీ బార్?" అని ఒక్క మాటే అడిగాడు. నేను అవును, మొదటిసారేనన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా ఒక స్క్రూల పొట్లం ఊరికే ఇచ్చాడు. తర్వాత తెలిసింది, ఆ స్క్రూలన్నీ పోగొట్టుకుంటానని ఆయనకి ముందే తెలుసని.

స్పీకరు పెట్టెకి ముందు పక్కన గాలి ఆడే గొట్టం ఉండాలి. దానికి ప్లాస్టిక్ నీళ్ల పైపు సరిపోతుందట. మా వీధి చివర శానిటరీ షాపుకి వెళ్లి జానెడు పైపు ముక్కలు రెండు కావాలన్నాను. బాత్‌రూముకా, కిచెన్‌కా అని అడిగాడు. సంగీతానికి అన్నాను. షాపువాడు పైపు కోస్తున్నంతసేపూ నా మొహం చూడలేదు.

అసలు అవస్థ చెక్కతో వచ్చింది. చెక్కపొట్టుతో చేసే ఎండీఎఫ్ బోర్డు తెచ్చి, కోసే మెషిన్ అద్దెకి తెచ్చి, బాల్కనీలో పని మొదలుపెట్టేసరికి నవంబరు వచ్చేసింది. నవంబరంటే మాకు ఎదురు బిల్డింగు కనిపించని నెల. గాలి మరీ పాడైన రోజుల్లో ఢిల్లీ, చుట్టుపక్కల ఊళ్లు కలిపిన ఎన్‌సీఆర్ మొత్తం నిర్మాణ పనులు ఆపేయమని ఆర్డరు వస్తుంది. నేను రెండో పలక కోస్తుండగా కింది ఫ్లాట్ ఆంటీ బాల్కనీలోంచి తల పైకెత్తింది. ఎండకి ఆరేసిన ఆవిడ రజాయి బొంతల మీద నా రంపపు పొట్టు మంచులా పడుతోంది.

"భయ్యా, కన్‌స్ట్రక్షన్ బంద్ హై! పతా నహీఁ ఆప్‌కో? పూరే శహర్ కా పొల్యూషన్ ఆప్ హీ కర్ రహే హో!"

ఊరి కాలుష్యమంతా నా ఒక్కడి పనేనట. అరగంటలో మా అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ నోటీసు పంపించారు. ఆయనా నాలాంటి ప్రభుత్వ మనిషే, రిటైరయ్యారు. నోటీసుకి నోటీసుతోనే జవాబివ్వాలని నాకు తెలుసు. ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నదదే. పేరాలకి నంబర్లు వేసి, సదరు పని నిర్మాణం కిందికి రాదనీ, సంగీత పరికరాల తయారీ కిందికి వస్తుందనీ, సానుభూతితో పరిశీలించగలరనీ రాసి పంపాను. గంటలో జవాబొచ్చింది. తలుపులు కిటికీలు మూసుకుని, ఆదివారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు, ఇంటి లోపల మాత్రమే అనుమతించడమైనది. చదివి నాకు ముచ్చటేసింది. ఇంత చక్కటి నోటింగు ఈ మధ్య మా సెక్షన్లో కూడా చూడలేదు.

అలా మా స్పీకర్ల జననం బాత్‌రూములో జరిగింది. వూఫరు పట్టే గుండ్రటి కన్నం గీయడానికి వంటింట్లోంచి టిఫిన్ ప్లేటు తెచ్చుకున్నాను. కొలత సరిపోయిందనే అనిపించింది. కన్నం కోసి వూఫరు పెడితే అది మర్యాదగా పెట్టె లోపలికి జారి పడుకుంది. అప్పుడు అర్థమైంది, ప్లేటు అంచు బయటి నుంచి గీయకూడదని. మళ్లీ ఒక చెక్క రింగు చేసి అతికించాల్సొచ్చింది. బయట మా అమ్మాయి తలుపు బాదుతోంది. "పాపా, నహానా హై! సబ్ నార్మల్ లోగ్ బాత్‌రూమ్ మేఁ నహాతే హైఁ!" మామూలు మనుషులు బాత్‌రూములో స్నానం చేస్తారట.

పెట్టెలు నిలబడ్డాయి. ఇక లోపల దూది కూరాలి. దూది లేకపోతే శబ్దం పెట్టె గోడలకి కొట్టుకుని డొల్లగా వస్తుందట. వీడియోలో కృత్రిమ దూది వాడమన్నారు. ఇంట్లో బూరుగుదూది ఉండగా కృత్రిమ దూది కొనడమేమిటి? మా అత్తగారు ఊరి నుంచి రైల్లో పంపించిన బూరుగుదూది దిండ్లు మా ఇంట్లో నాలుగున్నాయి. ఢిల్లీలో డబ్బు పోసినా దొరకని మెత్తదనం. నా దిండు నేనే త్యాగం చేశాను. మా ఆవిడ డ్యూటీలో ఉంది కాబట్టి ఆ త్యాగం గురించి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం మొదటి పరీక్ష. డప్పులున్న పాట ఒకటి పెట్టి వాల్యూమ్ పెంచాను. సరిగ్గా అప్పుడే కింది ఫ్లాట్ ఆంటీ రజాయిల సంగతి తేల్చుకుందామని పైకొచ్చింది. మా ఆవిడ తలుపు తీసింది. ఆంటీ గుమ్మంలో నిలబడి ఒక మాట అనేలోపే డప్పు మోగింది. మోగగానే ఎడమ పెట్టె గొట్టంలోంచి ఒక తెల్లటి ముద్ద ఎగిరి హాల్లోకొచ్చింది. రెండో దెబ్బకి రెండు పెట్టెలూ ఊదాయి. బూరుగుదూది ఎంత తేలికో నేను దిండుగా వాడినన్నాళ్లూ ఆలోచించలేదు. దెబ్బకో గుప్పెడు చొప్పున లేచి, జిగురు ఆరడానికి వేసిన ఫ్యానుకి చిక్కి, ఇల్లంతా తిరిగింది.

"ధువాఁ! ధువాఁ! ఆగ్ లగ్ గయీ!" అని దూదిని పొగనుకుని ఆంటీ కేకేసింది.

మా అమ్మాయి నవ్వి నవ్వి సోఫా మీంచి కింద పడింది. మా ఆవిడ నర్సు కదా, ముందు స్విచ్ కట్టేసింది, తర్వాత ఎవరికీ దెబ్బ తగల్లేదని చూసింది, ఆ తర్వాత గాల్లోంచి ఒక పోగు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపింది.

"ఏవండీ. ఇది అమ్మ పంపిన దిండేనా?"

నేను చీపురు వెతకబోయాను. ఆంటీ జుట్టంతా తెల్లబడి పదేళ్లు పెద్దదైనట్టుంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి, దూది ఏరి, టీ ఇచ్చి, ఆదివారం ప్రాక్టీసుకి రమ్మని పిలిచింది మా ఆవిడ. ఆ దూదంతా గోనెసంచిలో పోసి బాల్కనీలో పెట్టాం. పెట్టెల లోపలికి ఒక పాత కంబళి ముక్కలు కోసి గోడలకి అతికించాను. నేను మాత్రం ఆ చలికాలమంతా మడతపెట్టిన టవల్ మీద పడుకున్నాను. అది నాకు విధించిన శిక్ష అని ఎవరూ అనలేదు, కొత్త దిండు కూడా ఎవరూ ఇవ్వలేదు.

అప్పటికి నవంబరు చివరి వారం. దూది ఎగరడం ఆగింది గానీ శబ్దం మాత్రం ఏడ్చినట్టే ఉంది. డప్పు కొడితే అట్టముక్క కొట్టినట్టు. పాడే మనిషి ఎక్కడున్నాడో తెలియదు, గోడల్లోంచీ కర్టెన్లలోంచీ గొంతు వస్తోంది. క్రాసోవర్ విప్పాను, బిగించాను. మూడు రోజులు అదే పని. మాస్టారి గడువు వారం కూడా లేదు. ఇంత గోల చేసి, చివరికి ఈ పెట్టెల్లోనే ఆవిడ గొంతు వినిపించి ఉన్న పరువు కూడా తీస్తానేమోనని నాకు భయం పట్టుకుంది. నిద్ర పట్టలేదు. టవల్ వల్ల కూడా కావచ్చు.

నాలుగో రోజు మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, రెండు పెట్టెల ముందు నేల మీద కూర్చుంది. రోగి ఛాతీ మీద చెయ్యి పెట్టినట్టు రెండు వూఫర్ల మీదా వేళ్లు ఆనించింది. పాట నడుస్తూనే ఉంది.

"ఏవండీ, ఇది ఊపిరి పీలుస్తుంటే అది వదులుతోంది. మనిషైతే ఈపాటికి ఐసీయూలో పడేసేవాళ్లం."

చూశాను. నిజమే. ఎడమది ముందుకొస్తుంటే కుడిది వెనక్కి పోతోంది. ఒక పెట్టెకి ఎర్ర తీగ, నల్ల తీగ మొదట్లోనే తారుమారుగా బిగించాను. ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి మింగేస్తోంది. తీగలు మార్చి పాట పెట్టగానే డప్పు పొట్టలో తగిలింది. పాడే మనిషి వచ్చి రెండు పెట్టెల మధ్య నిలబడ్డాడు. అక్కడ మా చెప్పుల స్టాండు తప్ప ఏమీ లేదు. అయినా అక్కడే నిలబడి పాడుతున్నాడు. నేను లేచి వెళ్లి చెప్పుల స్టాండు వెనక చూసొచ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, రెండోసారి కూడా వెళ్లి చూశాను. నా చేత్తో నేను కట్టిన పెట్టెల్లోంచి మనిషి నడిచొచ్చాడు!

"ఇప్పుడు నీ పాట పెడదామా?" అన్నాను.

"వద్దు. నా గొంతు నేను వినలేను. ఆదివారం మాస్టారు విన్నప్పుడే" అంది. నాకూ అదే నచ్చింది. ప్రారంభోత్సవం పదిమందిలో జరగాలి కదా.

డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం పన్నెండుమంది వచ్చారు. నోయిడా చెల్లెమ్మ కూడా వచ్చింది. పాపం, నెమ్మదైన పిల్ల. కింది ఫ్లాట్ ఆంటీ ఒక రజాయి కప్పుకుని మరీ వచ్చింది. గారెలు, టీ అయ్యాయి. స్టీరియో వినడానికి సరైన చోటు ఒక్కటే ఉంటుందని, దాన్ని నేల మీద సుద్దముక్కతో గీసి ఉంచాను. మాస్టారిని అక్కడ కూర్చోబెట్టాను. కుర్చీ బెత్తెడు ఎడమకి జరిపాను. మళ్లీ సగం బెత్తెడు కుడికి జరిపాను. "కూర్చోనివ్వండి బాబూ" అన్నారాయన. మా ఆవిడ వంటింటి గుమ్మంలో కొంగు చేతికి చుట్టుకుని నిలబడింది. ఈ పాట అయ్యేసరికి ఆవిడ సోలో పాడే మనిషో, స్తంభం వెనక మనిషో తేలిపోతుంది.

ఫోన్ కలిపి పాట పెట్టాను.

ఎడమ పక్క నుంచి మా ఆవిడ గొంతు వచ్చింది. వచ్చిందంటే, డైనింగ్ టేబుల్ ఆ చివర నిలబడి పాడినట్టే ఉంది. గాలి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

పల్లవి అయ్యి మొదటి చరణం మొదలయ్యేసరికి కుడి పక్క నుంచి ఏదో గుంయ్‌మని మొదలైంది. ఆంప్లిఫయర్ సరిగ్గా లేకపోతే కరెంటు అలా గుంయ్‌మంటుందని వీడియోల్లో చెప్పారు. నేను మెల్లగా వెళ్లి తీగ కదిపాను. పోలేదు. ప్లగ్గు తిప్పాను. పోలేదు. కరెంటు గుంయ్‌మంటే ఒకే స్థాయిలో అంటుంది. ఇది పాటతోపాటు పైకి వెళ్తోంది, కిందికి దిగుతోంది. పైకి వెళ్లాల్సినప్పుడు సగం వరకే వెళ్తోంది. దిగాల్సినప్పుడు కాస్త ఆలస్యంగా దిగుతోంది. మధ్యలో ఒకసారి టీ చప్పరించింది.

మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పాపా. రైట్ సైడ్ మేఁ ఆప్ హో."

గదిలో అందరూ కుడి పెట్టె వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. రెండో చరణం వచ్చింది. కుడి పక్కన కూర్చున్న ఆ మనిషి భక్తిలో పూర్తిగా మునిగిపోయి, శ్రుతిని మెట్టు మీద మెట్టు కిందికి దింపుకుంటూ పోయాడు. ఎడమ పక్క ఆవిడ మాత్రం చెక్కుచెదరకుండా పైనే నిలబడి పాడుకుపోతోంది. అడ్డంగా పెట్టిన ఫోనుకి రెండు చివర్లా ఉన్న మైకులు మమ్మల్ని విడివిడిగానే పట్టుకున్నాయి, దాని స్పీకర్లో మాత్రం ఇద్దరం ఒకే గొంతుగా కలిసిపోయాం. విడదీసి చూపించడానికి నేనే స్వయంగా రెండు పెట్టెలు కట్టాను.

మాస్టారు కళ్లు తెరిచారు. "కుడిపక్క పెట్టె ఆపెయ్యండి బాబూ ఓసారి. మొదట్నుంచీ పెట్టండి."

నా చేతులతోనే కుడి పెట్టె తీగ పీకేశాను. పాట మళ్లీ మొదటి నుంచీ నడిచింది. ఒక్క గొంతే. పాట అయిపోయింది. మాస్టారు లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లారు.

"సోలో నీదేనమ్మా. ఇన్నాళ్లూ నేను తప్పు విన్నాను. నీ పక్కనున్న మనిషిని కూడా నీ లెక్కలోనే వేసేశాను."

నోయిడా చెల్లెమ్మ గబగబా వచ్చి మా ఆవిడ చేతులు పట్టుకుంది. "అక్కా, థాంక్ గాడ్. అంతమంది ముందు పాడాలంటే నాకు జ్వరమొస్తోంది" అంది. కింది ఫ్లాట్ ఆంటీకి తెలుగు ముక్క రాకపోయినా విషయమంతా అర్థమైంది. నన్ను చూసి, "స్పీకర్ తో బహుత్ అచ్ఛే బనే హైఁ, భయ్యా" అని స్పీకర్లనైనా మెచ్చుకుని ఓదార్చింది.

అందరూ వెళ్లాక నేను ఆవిణ్ణి అడిగాను. "నేను కూనిరాగం తీస్తానని నాకు తెలియదు. ఇన్నేళ్లలో నీకు కూడా వినిపించలేదా?"

"మీది నాకు ఫ్యాను చప్పుడు లాంటిదండీ. తిరుగుతున్నంతసేపూ తెలియదు" అంది.

నాకు నవ్వు రాలేదు. ఏటా ఎంపికకి ముందు ఆవిడ ఇంట్లో సాధన చేసేటప్పుడు పక్కన కూర్చునేది నేనే. పోయినేడు డ్యూటీ పడి రికార్డింగు పంపినప్పుడూ ఫోను పట్టుకుంది నేనే. ఎన్ని డిసెంబర్లు నా వల్ల పోయాయో. స్తంభాన్ని తిట్టుకున్నాను, మాస్టారి ఫోన్ని తిట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, బాత్‌రూములోకి వెళ్లి, ఎండీఎఫ్ పొట్టు ఇంకా పోని ఆ మూల నిలబడి ఏడ్చాను. మర్నాటి నుంచి ఇంట్లో పెదవులు బిగించుకుని తిరిగాను. నా నోట్లోంచి ఏం వస్తోందో నాకే తెలియదు కాబట్టి, జాగ్రత్తగా ఉండాలంటే నోరే మూసుకోవాలి. మా అమ్మాయి రెండు రోజులు చూసి, "మమ్మీ, పాపా బీమార్ హైఁ క్యా?" అని నాకు ఒంట్లో బాలేదేమోనని అడిగింది.

క్రిస్మస్ ఉదయం ఆరాధనకి ముందు మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. "మీరేమీ అనుకోకండి. ఈ ఒక్క పూట..." అన్నారు. ఆయన పూర్తి చేయకముందే నేను మఫ్లర్ తీసి నోటి చుట్టూ రెండు చుట్లు చుట్టి చూపించాను. ఆయన నా భుజం తట్టారు.

మా ఆవిడ మైకు ముందుకొచ్చి నిలబడింది. తెల్లచీర కట్టుకుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి వంగకుండా, తిన్నగా కూర్చునే ఆవిణ్ణి చూశాను. పాడింది. ఎలా పాడిందో రాయడం నా వల్ల కాదు. రెండో చరణం దగ్గర మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసేసి, ఆవిడ గొంతొక్కటే వదిలేశారు. జారలేదు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా చర్చిలో సోలో అయినా సరే, చివరి పల్లవి సంఘమంతా లేచి నిలబడి కలిసి పాడాలి. అందరూ లేచారు. నేనూ లేచాను. నాలుగు వైపులా పాట మొదలైంది. నేనొక్కణ్ణే మఫ్లర్ వెనక పళ్లు బిగించుకుని నిలబడ్డాను. మా ఆవిడ మైకు దగ్గరి నుంచి నన్ను చూసింది. పాడటం ఆపి, చెయ్యి పైకెత్తి సైగ చేసింది. మఫ్లర్ తీసి పాడమని. ఆవిడ వెనకే కూర్చున్న మాస్టారు అది చూసి కంగారుగా నాకు అడ్డంగా తల ఊపారు. నేను ఆయన్ని చూశాను, ఆవిణ్ణి చూశాను. ఆవిడ ఇంకా చెయ్యి దించలేదు.

మఫ్లర్ లాగేసి గొంతెత్తాను. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ నవ్వుతూ మళ్లీ పాట అందుకుంది. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ పాడలేదు. శ్రుతి సంగతి మాస్టారు నాకింకా చెప్పలేదు.